రాయి వీరునికి, మాన్యం ఇంటికి

హిందూపురం నుంచి మడకశిర మీదుగా అమరాపురం వైపు పోతే, కర్ణాటక సరిహద్దును ఆనుకుని హేమావతి అనే ఊరు తగులుతుంది. ఇప్పుడది సిద్ధేశ్వరస్వామి గుడి కోసం జనం వచ్చిపోయే చిన్న ఊరు. వెయ్యేళ్ళ కిందట దాని పేరు హెంజేరు. నొళంబ పల్లవుల రాజధాని. వాళ్ళ కోటలు పోయాయి, మేడలు పోయాయి. వాళ్ళ కోసమూ, ఊళ్ళ కోసమూ ప్రాణాలిచ్చిన మనుషుల గుర్తులు మాత్రం ఈ చుట్టుపక్కల చెరువుకట్టల మీద, పొలం గట్ల మీద, గుడి ప్రాకారాల పక్కన ఇంకా నిలబడి ఉన్నాయి. అవే వీరగల్లులు. కొన్నింటికి పసుపూ కుంకుమా పెట్టి వీరన్న అని మొక్కుతారు. కొన్నింటిని తెచ్చి మోరీ మీద పలకగా వేసుకున్నారు, మరికొన్నింటి మీద బట్టలుతుకుతున్నారు.

ఒక్క రాయిని దగ్గరగా చూస్తే దాన్ని నిలబెట్టినవాళ్ళ మనసు తెలుస్తుంది. సాధారణంగా మూడు అరలుంటాయి. అడుగు అరలో యుద్ధం. చనిపోయిన మనిషిని పక్కవాళ్ళ కంటే పెద్దగా చెక్కుతారు. చేతిలో కత్తీ డాలో, విల్లో ఉంటుంది. పశువుల కోసం చచ్చినవాడైతే వెనకాల ఆవులు వరసగా కనిపిస్తాయి. నడిమి అరలో ఇద్దరు అప్సరసలు అతణ్ణి చెరో చేయీ పట్టుకుని పైకి తీసుకుపోతుంటారు. పై అరలో శివలింగం, నంది, వాటి ముందు చేతులు జోడించి కూర్చున్న ఆ మనిషే. అన్నిటికంటే పైన సూర్యచంద్రులు. వాళ్ళున్నంతకాలం ఇతని పేరుంటుందని ఊరు ఇచ్చిన మాట అది. అరల మధ్య సన్నటి పట్టీలో అక్షరాలు: ఏ రాజు ఏలుబడిలో, ఏ ఊరివాడు, ఎవరి కొడుకు, ఎందుకు చనిపోయాడు.

ఈ ‘ఎందుకు’ అన్నదే నన్ను ఎప్పుడూ ఆపుతుంది. రాజుల యుద్ధాల్లో చచ్చినవాళ్ళు కొందరే. ఊరి ఆవులను తోలుకుపోతున్న మూకను అడ్డగించి, పొలిమేర తగాదాలో నిలబడి, దోపిడికి వచ్చినవాళ్ళ నుంచి ఆడవాళ్ళను కాపాడబోయి చచ్చినవాళ్ళు చాలామంది. వాళ్ళకు పెద్ద బిరుదులు లేవు. అయినా ఊరు రాయి నిలబెట్టింది. సైనికుణ్ణి గౌరవించడం ఈ నేల మీద దర్బారులో పుట్టిన ఆచారం కాదు, ఊరు తన బాకీ తీర్చుకునే పద్ధతి.

బాకీ రాయితో తీరేది కాదని కూడా వాళ్ళకు తెలుసు. ఇందుకు బెంగళూరు మ్యూజియంలో ఉన్న బేగూరు వీరగల్లు మంచి సాక్ష్యం. నొళంబ అయ్యపదేవుడికి సాయంగా గంగరాజు ఎరెయప్ప పంపిన సేనతో నాగత్తరుడనే యోధుడు వెళ్ళి, వీరమహేంద్రుడి బలగంతో తుంబెపాడి దగ్గర పోరాడి చనిపోయాడు. ఆ సంగతి విన్న రాజు నాగత్తరుడనే పదవిని ఇరుగుడనే మనిషికి కట్టబెట్టి, బేగూరు చుట్టూ ఉన్న పన్నెండు ఊళ్ళను ఇచ్చాడు. ఆ ఊళ్ళ పేర్లన్నీ వరసగా రాతి మీదే ఉన్నాయి. అది పెద్దవాళ్ళ సంగతి. చిన్నవాడు చనిపోతే ఊరి చెరువు కింద కాస్త మడి, లేదా కొంత చేను పన్ను లేకుండా ఆ ఇంటికి రాసిచ్చేవారు. కన్నడ శాసనాలు దాన్ని నెత్తరు కొడగె అన్నాయి, తెలుగు సీమలో నెత్తురు మాన్యం. ఆ భూమిని కాజేసినవాడు కాశీలో గోవును చంపినంత పాపానికి పోతాడని శాపం కూడా రాతి మీదే చెక్కించేవారు. చచ్చినవాడి ఇంటి భూమి మీద పెద్దవాళ్ళ కన్ను పడుతుందని ఆనాటికే అనుభవం ఉండబట్టే ఆ శాపం అవసరమైంది.

ఇక్కడే ఒక లోటు కనిపిస్తుంది. మాన్యం కొడుక్కో, తమ్ముడికో, ఆ స్థానంలో కత్తి పట్టబోయే మరో మగవాడికో దక్కింది. మరి భార్య? ఆమెకు కూడా ఈ ప్రాంతంలో రాళ్ళున్నాయి. ఒక స్తంభం నుంచి బయటికి పొడుచుకొచ్చి మోచేయి దగ్గర మడిచిన చేయి, నిండా గాజులు, వేళ్ళ మధ్య నిమ్మకాయ. అది మాస్తికల్లు, భర్త చితి మీద తనూ కాలిపోయిన స్త్రీకి నిలిపిన రాయి. గాజులు పగలలేదని, ముత్తయిదువుగానే పోయిందని ఆ చేయి చెబుతుంది. ఊళ్ళలో వీరమాస్తమ్మగా పూజలందుకుంటున్న రాళ్ళు ఇవే. విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ కూడా 16వ శతాబ్దంలో ఈ ఆచారాన్ని వివరంగా రాసిపెట్టాడు. భర్త పోయాక బతికి, పిల్లల్ని సాకి, ఆ మాన్యంలో రాగులూ కొర్రలూ పండించి ఇల్లు నిలబెట్టిన ఆడవాళ్ళు మాస్తుల కంటే ఎన్నో రెట్లు ఎక్కువమంది ఉండి తీరాలి. బతికినందుకు వాళ్ళకు రాయి లేదు. చనిపోతేనే స్త్రీ త్యాగం కంటికి ఆనడం మన చరిత్రలో క్రూరమైన అధ్యాయం. మాస్తికల్లు ముందు నిలబడినప్పుడు నాకు భక్తి కలగదు, దుఃఖమే కలుగుతుంది.

విజయనగర కాలానికి వస్తే సైన్యం జీతం మీద నడిచే కొలువైంది. 1443లో వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్, ఇక్కడ సిపాయిలకు నాలుగు నెలలకోసారి జీతాలిస్తారని రాశాడు. 1565లో రక్కసి తంగడి దగ్గర ఓడిపోయాక తిరుమలరాయలు ఖజానాతో పెనుకొండకు చేరాడు. అప్పటి నుంచి 1592 ప్రాంతంలో చంద్రగిరికి తరలేదాకా ఈ కొండే రాజధాని. 1577లో బిజాపూరు సేన వచ్చి పెనుకొండను చుట్టుముట్టింది. ఆ ముట్టడిని తిప్పికొట్టిన జగదేవరాయలకు బారామహల్ సీమా, చన్నపట్టణమూ బహుమానంగా దక్కాయి. గోడల మీద నిలబడి కాచినవాళ్ళ పేర్లు మనకు అందలేదు. నొళంబుల కాలంలో ఆవుల కోసం చచ్చిన మామూలు మనిషి పేరు రాతి మీద మిగిలింది. ఆరువందల ఏళ్ళ తరువాత, అంతకంటే ఎన్నో రెట్లు పెద్ద రాజ్యానికి రాజధానిని కాపాడిన సిపాయి పేరు మిగల్లేదు. సైన్యం పెద్దదయ్యేకొద్దీ సైనికుడు చిన్నవాడవుతూ వచ్చాడు.

తరువాతి రెండు శతాబ్దాలు మరాఠాలు, మైసూరు, నిజాం సేనలు ఈ దారుల్లో తొక్కుకుంటూ పోయిన కాలం. హిందూపురం అనే పేరే మరాఠా సేనాని మురారిరావు తండ్రి హిందూరావు పేరు మీద వచ్చిందంటారు. ఆ సేనలకు తిండి మోసినవాళ్ళ గురించి ఒక మాట చెప్పి తీరాలి, ఎందుకంటే వాళ్ళ మనవలు ఈ కథ చివర్లో మళ్ళీ వస్తారు. గోర్‌బంజారాలు, మన దగ్గర సుగాలీలు లేదా లంబాడీలు, వేలాది ఎడ్ల మీద ధాన్యం వేసుకుని దక్కను సేనల వెంట నడిచేవారు. 1791–92లో కార్న్‌వాలిస్ టిప్పు మీదికి వెళ్ళినప్పుడు, 1799లో శ్రీరంగపట్నం పడిపోయినప్పుడు ఈస్టిండియా కంపెనీ సేనల కడుపు నింపింది వాళ్ళ బిడారులే. భార్యాపిల్లలు కూడా ఆ బిడారులోనే నడిచేవారు. ఆ సేవకు వాళ్ళకు దక్కింది ఏమిటంటే, రైళ్ళూ రోడ్లూ వచ్చి ఆ వృత్తి పోయాక, 1871లో పుట్టిన నేరస్థ జాతుల చట్టం నీడ. 1952లో గానీ ఆ చట్టం రద్దు కాలేదు.

1800లో నిజాం ఈ జిల్లాలను కంపెనీకి వదిలేశాడు. దత్తమండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో స్వయంగా సైనికుడు. అప్పటికి ఇక్కడ 80 మంది పాలెగాళ్ళు, వాళ్ళ కింద 30,000 దాకా సాయుధులు ఉన్నారని లెక్క. వాళ్ళలో కట్టుబడి బంట్రోతులనేవాళ్ళు ఊళ్ళ కావలికీ, పాలెగాడి యుద్ధానికీ పిలుపు వస్తే కదలాలి. బదులుగా తక్కువ కట్నం మీద చేను అనుభవిస్తారు. అదే కట్టుబడి మాన్యం. మన్రో పాలెగాళ్ళను అణచి, ఆ సాయుధులను ఇళ్ళకు పంపాడు. అణచివేత ముగిసింది, శాంతి వచ్చింది. కానీ తరతరాలుగా కొలువూ చేనూ ఒక్కటిగా బతికిన ఇళ్ళకు ఆ చేను మీద హక్కేమిటన్న ప్రశ్న 1858లో ఇనాం కమిషన్ ఏర్పడేదాకా నానుతూనే ఉంది. సేవ చేసినవాడి భూమి కాగితం తేలడానికి రెండు తరాలు పట్టడం మనకు కొత్త సంగతి కాదన్నమాట.

కంపెనీ మద్రాసు సైన్యం కథ వేరు. ఉత్తరాదిన సిపాయి అంటే తిలంగా అనే పేరు స్థిరపడేటంతగా తొలినాళ్ళ సైన్యంలో తెలుగువాళ్ళు ఉన్నారు. మద్రాసు సిపాయికి బెంగాలు సిపాయికి లేని ఒక అలవాటు ఉండేది. భార్యాపిల్లల్ని వెంటబెట్టుకుని పటాలంతో పాటు ఊరూరా తిరిగేవాడు. బళ్ళారి దండులోనూ మరోచోటా సిపాయిల లైన్లంటే నిజానికి కుటుంబాల లైన్లే. కాబట్టి సైన్యం ఆ కుటుంబాలను చూడనట్టు నటించలేకపోయింది. చనిపోయిన సిపాయి కొడుకులను పెన్షన్ బాయ్స్‌గా, చేరబోయే పిల్లలను రిక్రూట్ బాయ్స్‌గా పటాలం లెక్కలోకి తీసుకుని కొంత జీతమిచ్చి పెంచేవారు. 1811లో జావాకు, 1824లో బర్మాకు, 1840లో చైనాకు ఓడల మీద వెళ్ళినప్పుడు జీతంలో కొంత భాగం ఇంటి దగ్గర భార్యకో తల్లికో అందేలా ఫ్యామిలీ సర్టిఫికెట్ల ఏర్పాటు చేశారు. పరాయి దేశంలో ప్రాణం పోతే వారసులకు పింఛను ఉండేది.

నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో అసలు మలుపు ఇదే. ఇంటి ఆడమనిషి పేరు మొదటిసారిగా, ఆమె బతికి ఉండగా, సైన్యం లెక్కల పుస్తకంలోకి ఎక్కింది. కంపెనీ ధర్మబుద్ధితో చేసిందని నేను అనను. ఇంట్లో తిండి లేదని తెలిస్తే సముద్రం దాటే సిపాయి దొరకడని వాళ్ళకు తెలుసు. ఉద్దేశం ఏదైనా, సైనికుడి వెనక ఒక ఇల్లుందని ఒప్పుకున్న కాగితం అది.

ఆ సంబంధం కూడా నిలవలేదు. 1881 నుంచి 1885 దాకా మద్రాసు సేనాధిపతిగా ఉన్న ఫ్రెడరిక్ రాబర్ట్స్, దక్షిణాదివాళ్ళు పోరాటానికి పనికిరారని తేల్చాడు. యుద్ధజాతుల సిద్ధాంతం పేరు మీద తెలుగువాళ్ళ భర్తీ తగ్గుతూ పోయింది. తరతరాల సిపాయి ఇళ్ళు ఒక తరంలోనే వ్యవసాయ కూలి ఇళ్ళయ్యాయి. మొదటి ప్రపంచయుద్ధం ముంచుకొచ్చాక అదే సర్కారు మళ్ళీ ఊళ్ళ మీద పడి మనుషుల్ని వెతికింది. యుద్ధం అయ్యాక చాలా ఊళ్ళలో చిన్న చలువరాతి పలకలు పెట్టారు. ఈ ఊరి నుంచి మహాయుద్ధానికి ఇంతమంది వెళ్ళారు, వారిలో ఇంతమంది ప్రాణాలిచ్చారు అని వాటి మీద రెండు అంకెలుంటాయి. పేర్లుండవు. తండ్రి పేరుతో సహా చెక్కిన నొళంబుల నాటి రాయిని చూసినవాళ్ళకు ఆ పలక ఎంత చిన్నగా కనిపిస్తుందో చెప్పక్కర్లేదు.

రెండో యుద్ధంలో మద్రాసు రాష్ట్రం నుంచి భర్తీ పెద్ద ఎత్తున సాగింది. రద్దయిన మద్రాసు రెజిమెంటును 1942లో మళ్ళీ నిలబెట్టారు. పనికిరారన్న జాతులే బర్మా అడవుల్లో పనికొచ్చాయి. గోదావరి జిల్లాల్లో మిలిటరీ మాధవరం వంటి ఊళ్ళు ఊరి పేరులోనే సైన్యాన్ని కలుపుకున్నాయి. మన సీమలో అలాంటి ఊరి పేర్లు పుట్టకపోయినా మనుషుల పేర్లు పుట్టాయి. మిలిటరీ రామప్ప, మిలిటరీ ఓబులేసు అని పింఛనుకు వచ్చిన ముప్పై ఏళ్ళకు కూడా పిలుస్తారు. వాళ్ళ ఇల్లు మిలిటరీవాళ్ళ ఇల్లే.

స్వాతంత్ర్యం వచ్చాక చేసిన మొదటి పనుల్లో ఒకటి 1949లో డిసెంబరు 7ను సాయుధ దళాల పతాక దినంగా నిర్ణయించడం. ఎరుపు, ముదురు నీలం, లేత నీలం రంగుల బుల్లి జెండాను గుండుసూదితో చొక్కాకు గుచ్చుకుని హుండీలో చిల్లర వేయడం హిందూపురం, ధర్మవరం బడుల్లో చదివినవాళ్ళకు గుర్తుంటుంది. ఆ చిల్లర సైనిక సంక్షేమ కార్యాలయాల చేతుల మీదుగా పింఛను లేని వితంతువులకూ, పిల్లల చదువులకూ చేరుతుందని ఆ రోజున పిల్లలకు గట్టిగా చెప్పే మాస్టర్లు తక్కువ. ఒక రూపాయికి ఒక జెండా అనే లెక్కే మిగిలింది. మాజీ సైనికులకు అసైన్‌మెంటు భూములు కూడా ఇచ్చారు. ఆ భూమిని పదేళ్ళ తరువాత అమ్ముకోవచ్చని 1993లో రాష్ట్ర ప్రభుత్వం 1117 నెంబరు జీవో ఇచ్చింది. జీవో చేతిలో ఉన్నా రిజిస్ట్రారు ఆఫీసు చుట్టూ తిరిగినవాళ్ళు లెక్కలేనంతమంది. నెత్తురు మాన్యం రాతి మీది శాపం అక్కడ గుర్తొస్తుంది.

1962, 1965, 1971 యుద్ధాల్లో చనిపోయిన సైనికుడి శరీరం ఊరికి వచ్చేది కాదు. అక్కడే దహనమో ఖననమో జరిగేది. ఊరికి వచ్చేది టెలిగ్రాం, కొన్నాళ్ళకు ఒక ట్రంకు పెట్టె. అందులో బట్టలు, ఉత్తరాలు, గడియారం. శవాన్ని చూడని తల్లి కొడుకు ఎప్పుడో వస్తాడని ఎదురుచూడటం అప్పటి ఇళ్ళలో మామూలు. 1999 కార్గిల్ యుద్ధంలో ఆ పద్ధతి మారింది. త్రివర్ణ పతాకం కప్పిన పెట్టెలు ఊళ్ళకు రావడం మొదలైంది. తుపాకుల వందనం, ఊరేగింపు, బళ్ళకు సెలవు, పెద్దల పరామర్శ. దేశం తన సైనికుణ్ణి కళ్ళారా చూసి ఏడ్వడం నేర్చుకున్నది అప్పుడే. గల్వాన్‌లో 2020 జూన్‌లో ప్రాణాలిచ్చిన కర్నల్ సంతోష్ బాబు కోసం సూర్యాపేట కదిలిపోయిన తీరు మనందరికీ తెలుసు.

ఆ రోజు గడిచాక ఇంట్లో ఏం జరుగుతుందో తక్కువమందికి తెలుసు. మామూలు రోజుల్లో, భర్త బతికే ఉండి సరిహద్దులో డ్యూటీ చేస్తున్నప్పుడు ఏం జరుగుతుందో మరీ తక్కువమందికి తెలుసు. పెనుకొండ చుట్టుపక్కల వర్షాధారం మీద వేరుశనగ వేసే ఇల్లు అనుకోండి. దేశంలోనే అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఉమ్మడి అనంతపురం ఒకటి. విత్తనానికి అదను రెండు మూడు రోజులే. ఆ రెండు రోజుల్లో ట్రాక్టరు మాట్లాడటం, విత్తనకాయ తేవడం, బోరు మోటారు కాలితే మెకానిక్కును బతిమాలడం అన్నీ ఆమె మీదే. ధర్మవరంలో పెద్ద అంచు పట్టుచీర నేసే ఇల్లయితే మగ్గం పక్కన సాయం కూర్చునే మనిషి తగ్గుతాడు. కొడుకు పటాలానికి వెళ్ళాడంటే ఆ చోటు తల్లిదో చెల్లెలిదో అవుతుంది. అత్తమామల ఆసుపత్రి, పిల్లల ఫీజులు, పెళ్ళిళ్ళకు పెట్టుబడులు, అన్నిటికీ మొగుడి సెలవు దొరకాలి. దొరికిన సెలవులో సగం పనులకే సరిపోతుంది. హిందూపురం స్టేషన్లో దిల్లీ వైపు బండి ఎక్కించి వచ్చిన సాయంత్రం మళ్ళీ పాలు పితకాల్సిందే.

అన్నిటికంటే కనిపించని బరువు కాగితాలది. సైనికుడి పెళ్ళి, పిల్లల పుట్టుక అతని యూనిట్ ద్వారా పార్ట్ టూ ఆర్డర్‌లో ఎక్కాలి. ఎక్కకపోతే రేపు ఫ్యామిలీ పింఛను దగ్గర ఆమె అతని భార్యేనని ఎవరూ ఒప్పుకోరు. పెళ్ళినాడు తొందరలో రాసిన పేరొకటి, ఆధార్‌లో ఇంటిపేరుతో కలిపి పడిన పేరొకటి, బ్యాంకు పుస్తకంలో పొడి అక్షరాలతో ఉన్నది ఇంకొకటి. మన తెలుగు ఇంటిపేర్లు దక్షిణం దాటితే పడే పాట్లు అందరికీ తెలిసినవే. ఆ మూడూ ఒకే మనిషివని నిరూపించడానికి అఫిడవిట్లు, నోటరీ, తహసీల్దారు సర్టిఫికెట్, రికార్డ్ ఆఫీసుకు రిజిస్టర్డ్ పోస్టు. మద్రాసు రెజిమెంటు అయితే ఊటీ దగ్గర వెల్లింగ్టన్, మద్రాసు సాపర్లు అయితే బెంగళూరు, ఫిరంగి దళమైతే నాసిక్. పింఛను మంజూరు ఉత్తర్వు అలహాబాదు (ఇప్పటి ప్రయాగ్‌రాజ్) నుంచి. ఇప్పుడు స్పర్శ్ పోర్టల్ వచ్చి కొంత తేలికైంది, కానీ ఏటా లైఫ్ సర్టిఫికెట్ నాటికి వేలిముద్రలు పడక ఇబ్బంది పడే ముసలివాళ్ళు ఇంకా ఉన్నారు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం దశాబ్దాల పాటు అనంతపురంలో. హిందూపురం నుంచి ఒక కాగితం మీద సంతకం కోసం పోయి రావాలంటే కూలి పోయే రోజు. మంచి మాట చెప్పి, ఫారం నింపి పెట్టే ఒక మాజీ సుబేదారు ఊళ్ళో ఉంటే ఆ ఊరి సైనిక కుటుంబాలవాళ్ళు అదృష్టవంతులు. ఆ పని చేసే పెద్దలు చాలామంది ఉన్నారు. వాళ్ళది రెండోసారి చేస్తున్న సైనిక సేవ అంటాను.

పింఛను నిబంధనల చరిత్రలో మంచి మార్పులు లేవని కాదు. 1971 యుద్ధం తరువాత 1972లో వచ్చిన సరళీకృత కుటుంబ పింఛను, యుద్ధంలో చనిపోయినవాడి ఆఖరి జీతం మొత్తం ఆ ఇంటికి అందేలా చేసింది. నెత్తురు మాన్యానికి ఆధునిక కాలంలో దగ్గరగా వచ్చే ఏర్పాటు ఇదే, అదీ నేరుగా భార్య పేరు మీద. కానీ మాస్తికల్లు నీడ పూర్తిగా పోవడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. శౌర్య పతకం పొందిన సైనికుడు చనిపోతే ఆ పతకం మీద వచ్చే నెలసరి భత్యం అతని భార్యకు వచ్చేది. ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఆగిపోయేది. చనిపోయిన భర్త తమ్ముణ్ణో అన్ననో చేసుకుంటే మాత్రం కొనసాగేది! ఈ షరతును రక్షణ శాఖ 2017 నవంబరులో తీసేసింది. 1947 నుంచి లెక్కేస్తే డెబ్బై ఏళ్ళు. ఇరవై రెండేళ్ళ వయసులో భర్తను పోగొట్టుకున్న అమ్మాయి మళ్ళీ ఎవరితో బతకాలో సర్కారు షరతు పెట్టడం ఎంత అన్యాయమో అప్పటిదాకా ఎవరికీ తట్టకపోవడం నన్ను కలవరపెడుతుంది. షరతు పోయినందుకు సంతోషమే. పోయిందన్న సంగతి ఊళ్ళోవాళ్ళకు చేరిందా అంటే, చేరలేదు. ఇప్పటికీ ‘మళ్ళీ పెళ్ళి చేస్తే ఆ భత్యం పోతుంది’ అని బెదిరించే బంధువులున్నారు.

2019 ఫిబ్రవరి 25న దిల్లీలో జాతీయ యుద్ధ స్మారకం తెరిచారు. అందులో త్యాగచక్రం అనే వలయంలో స్వాతంత్ర్యం తరువాత ప్రాణాలిచ్చిన 25,942 మంది పేర్లను ఒక్కొక్కటిగా గ్రానైట్ రాతి మీద చెక్కారు. వాళ్ళ హోదా, దళం, నెంబరుతో సహా. మహాయుద్ధం పలక మీద పోయిన పేరు మళ్ళీ రాయెక్కింది. హెంజేరు శిల్పికి ఆ పని చూపిస్తే వెంటనే అర్థమయ్యేది.

2025 మే నెలలో ఆ గౌరవం ఈ ప్రాంతం గడప దాకా వచ్చింది. శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లితండాకు చెందిన మురళీ నాయక్, అగ్నివీర్‌గా చేరి జమ్మూకశ్మీర్ నియంత్రణ రేఖ దగ్గర విధుల్లో ఉన్నాడు. ఆపరేషన్ సిందూర్ తరువాత సరిహద్దు అవతలి నుంచి జరిగిన కాల్పుల్లో మే 9న ప్రాణాలిచ్చాడు. తల్లిదండ్రులకు ఒక్కడే కొడుకు. వాళ్ళు కూలిపని కోసం ముంబయి వెళ్ళి బతికినవాళ్ళు. కరువు నేల విడిచి బెంగళూరుకూ ముంబయికీ వలసపోవడం ఇక్కడి తండాల్లో ఇంటింటి కథ. బెంగళూరు మీదుగా పెట్టె వచ్చింది, మే 11న సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. వేలమంది వచ్చారు. రాష్ట్ర ప్రభుత్వం 50 లక్షల రూపాయలు, అయిదెకరాల భూమి, 300 గజాల ఇంటిస్థలం, తండ్రికి ఉద్యోగం ప్రకటించింది.

ఆ అయిదెకరాల మాట వినగానే వెయ్యేళ్ళ కిందటి నెత్తురు మాన్యం కళ్ళ ముందు మెదలకుండా ఉండదు. అదీ ఎవరికి? ఒకప్పుడు సేనలకు ధాన్యం మోసి, తరువాత నేరస్థ జాతి ముద్ర మోసిన సుగాలీల తండాకు. ఆ ముద్ర వేసిన చట్టం రద్దయి డెబ్బై మూడేళ్ళకు ఆ తండా బిడ్డ దేహం మీద జాతీయ జెండా కప్పుకుని ఊరికి వచ్చాడు. ఇంత పెద్ద మార్పు ఒక ఊరేగింపులో జరిగిపోయింది. దాన్ని ఎవరూ ఎత్తి చూపకపోవడం నాకు బాధ కలిగించింది.

అయితే మాన్యం కథ ఇక్కడితో ముగియలేదు. 2022 జూన్ 14న ప్రకటించిన అగ్నిపథ్ పథకంలో కొలువు నాలుగేళ్ళే. ఆ తరువాత 25 శాతం మందిని మాత్రం శాశ్వత కొలువులోకి తీసుకుంటారు. విధుల్లో చనిపోతే 48 లక్షల బీమా, 44 లక్షల పరిహారం, మిగిలిన కాలానికి జీతం, సేవానిధి వస్తాయి. మొత్తం కలిపితే కోటి దాటుతుంది. నెలనెలా వచ్చే కుటుంబ పింఛను మాత్రం లేదు. పక్కనే అదే గుంటలో నిలబడి అదే గుండుకు చనిపోయిన పాత పద్ధతి సిపాయి ఇంటికి మాత్రం 1972 నిబంధన ప్రకారం పింఛను వస్తుంది. ఆ తేడా మీదే మురళీ నాయక్ తల్లి బొంబాయి హైకోర్టును ఆశ్రయించింది. అగ్నివీరుల కుటుంబాలకు మామూలు సైనికుల కుటుంబాలతో సమానంగా పింఛనూ, ఇతర ప్రయోజనాలూ ఇప్పించాలని కోరింది.

ఒక్కసారిగా వచ్చే డబ్బుకూ నెలనెలా వచ్చే డబ్బుకూ తేడా కరువు సీమలో చెప్పక్కర్లేదు. పెద్ద మొత్తం వచ్చిన ఇంటికి అప్పులవాళ్ళు వస్తారు, దూరపు చుట్టాలు వస్తారు, స్థలం చూపించే దళారులు వస్తారు. పింఛను అలా కాదు. నెల మొదటి వారంలో వస్తుంది, ఆ మనిషి బతికున్నంతకాలం వస్తుంది. అందుకే నొళంబుల నాటి ఊరు బంగారం ఇవ్వలేదు, చేను ఇచ్చింది. ఏడాదికోసారైనా పంట పండాలి, చనిపోయినవాడి ఇల్లు ఊళ్ళోనే నిలవాలి అనుకుంది. కల్లితండా తల్లి కోర్టులో అడుగుతున్నదీ ఆ లెక్కే. కోర్టు ఏం చెప్పినా, ఆమె అడిగింది న్యాయమేనని నేను నమ్ముతున్నాను.